ప్లెవ్నాలో పెసరట్లు

"అయితే మీ లుంగీ రష్యాకి పంపాలా, వద్దా? అదొక్కటీ తేల్చండి," అంది వకుళ, దండెం మీది లుంగీ లాగి మడత పెడుతూ.

"పంపకూడదనే కదా అరగంట నుంచీ మొత్తుకుంటున్నాను," అన్నాడు సదానందం మాస్టారు. "అది టర్కీలో ఆరింది. టర్కీలో ఆరిన బట్ట రష్యా సేనాని కట్టుకుంటే సరఫరా మార్గం తెరిచినట్టవుతుంది. ఉత్తర్వులో ఏడో పేరా చదువు."

"మన పెరడు టర్కీ ఎప్పుడైంది?"

"రేపు పొద్దున్న ఎనిమిది నుంచి."

"ఇవాళ ఆదివారం. టైము అయిదు. ఇంకా మన పెరడేగా? ఇప్పుడే సంచిలో పెట్టేసుకోండి."

"పెట్టుకుంటే ముందస్తు సన్నాహం కిందికి వస్తుందేమోనని..."

అత్తగారు తాయారమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇద్దరి మాటలూ వింటోంది. ఇక ఆగలేకపోయింది. "ఒరే సదానందం! నువ్వు పుట్టేటప్పుడు కూడా ఇంత గొడవ పెట్టలేదురా. లుంగీ పట్టుకెళ్లు. లేకపోతే ఆ దేశంలో వాళ్లేం కడతారో అదే కట్టుకో."

మాస్టారు లుంగీ సంచిలో పెట్టుకున్నాడు. టూత్ బ్రష్షు దగ్గర మళ్లీ మొదలైంది.

ఇదంతా ఒక ఉత్తర్వు వల్ల వచ్చింది. "ఇకపై చరిత్ర పాఠములు చెప్పరాదు, జరిపించవలెను" అని పైనుంచి ఆదేశం. పిల్లలు పాఠం విని మర్చిపోతున్నారట, అనుభవిస్తే మర్చిపోరట. మొదటి పాఠం హరప్పా. దానికోసం ఆటస్థలంలో తవ్విన గొయ్యి ఇంకా పూడ్చలేదు. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఏడో పాఠం వచ్చింది. పద్ధెనిమిది వందల డెబ్భై ఏడులో డాన్యూబ్ నది సరిహద్దు దాటి రష్యా సైన్యం టర్కీ మీదికి వెళ్లడం, ప్లెవ్నా అనే ఊరిని ముట్టడించడం, మూడుసార్లు దెబ్బ తినడం, చివరికి లోపల తిండి నిండుకుని టర్కీ సైన్యం లొంగిపోవడం. పుస్తకంలో ఎనభై నాలుగో పేజీ నుంచి ఎనభై ఆరు వరకు. ఇదివరకైతే మాస్టారు దీన్ని ఒక పీరియడులో కానిచ్చి, మిగిలిన పావుగంటలో హాజరు వేసేవాడు.

ఈ పని నడిపించడానికి అనుభవ విద్యా సమన్వయాధికారి అని ఒక కొత్త పదవి సృష్టించారు. మన మండలానికి పరాంకుశం గారు వచ్చారు. ఆయన తన టాబ్‌లో మా ఊరి పటం మీద ఆ యుద్ధం పటాన్ని పరిచి చూశారు. బడి పక్కనున్న పంటకాలువ డాన్యూబ్ అయింది. బస్టాండు బుఖారెస్టు అయింది. ప్లెవ్నా సరిగ్గా సదానందం మాస్టారి ఇంటి మీద పడింది.

"అక్షాంశ రేఖాంశాలు అలా వచ్చాయి మాస్టారూ," అన్నారాయన. "ఇందులో వ్యక్తిగత అభిప్రాయములకు తావు లేదు."

తొమ్మిది ఏ సెక్షన్ రష్యా. దాని క్లాస్ టీచరు సదానందం మాస్టారు కాబట్టి ఆయన రష్యా సేనాని. బీ సెక్షన్ టర్కీ. దానికి క్లాస్ టీచరు మాస్టారి తమ్ముడు, డ్రిల్లు మాస్టారు మురహరి. అన్నదమ్ములిద్దరూ ఒకే బళ్లో, ఒకే ఇంట్లో. మురహరి భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది కాబట్టి అతని భోజనం కూడా వకుళ చేతిమీదుగానే నడుస్తోంది. పుస్తకంలో ఒక నెల ఇక్కడ ఒక రోజు. అంటే సోమవారం పొద్దున్న ముట్టడి మొదలైతే శుక్రవారం సాయంత్రానికి ప్లెవ్నా పడిపోవాలి. పిల్లలు పొద్దున్న ఎనిమిదికి యుద్ధానికి వచ్చి, సాయంత్రం ఆరింటికి ఇళ్లకు వెళ్లిపోవచ్చు. తల్లిదండ్రులు గోల చేస్తారని ఆ సడలింపు ఇచ్చారు. సేనానులకూ ప్లెవ్నా పౌరులకూ మాత్రం సడలింపు లేదు. ఊరు పడేదాకా గీత దాటకూడదు. దాటితే సేనానికి మెమో. సదానందం మాస్టారి హెడ్మాస్టరు ప్రమోషను ఫైలు ఆఖరి బల్ల మీద ఉంది. మెమో అనే మాట వింటే ఆయనకు నిద్ర పట్టదు.

వకుళకి నిద్ర పట్టనిది ఇంకొక దానికి. శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి జిల్లా కేంద్రంలో ఆమెకి బీఏ ఆఖరి పరీక్ష. దూరవిద్య. పదిన్నర బస్సు అందుకోవాలి. మిగిలిన పేపర్లన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఈ ఒక్కటే, ఆధునిక ప్రపంచ చరిత్ర, రెండుసార్లు తప్పింది. తప్పింది అంటే రాసి తప్పడం కాదు. మొదటిసారి అత్తగారి కంటి ఆపరేషను. రెండోసారి మురహరి పెళ్లి. ఈ శనివారం దాటితే రిజిస్ట్రేషను గడువు అయిపోతుంది. అప్పుడు మొత్తం అన్ని పేపర్లూ మళ్లీ మొదటినుంచి రాయాలి. నలభై నాలుగేళ్ల వయసులో. హాల్ టికెట్టు పోపుల డబ్బా వెనకాల పెట్టుకుంది. ఆ ఇంట్లో ఇంకొకరి చెయ్యి పడని చోటు అదొక్కటే.

"శుక్రవారానికి అయిపోతుందిగా, బండి మీద నేనే బస్టాండుకి దింపుతాను," అన్నాడు మాస్టారు, వీధిగుమ్మం దాటుతూ. టూత్ బ్రష్షు మర్చిపోయాడు.

సోమవారం ఎనిమిదింటికి పరాంకుశం గారు ముగ్గుపిండి తెప్పించి ఇంటిచుట్టూ గీత గీయించారు. ముగ్గు వేసే అమ్మాయి అలవాటుకొద్దీ మూలన ఒక పద్మం కూడా వేసింది. ఆయన దాన్ని చెరిపించారు. తర్వాత వరండాలో కూర్చుని జనాభా పట్టిక తీశారు.

"సేనాని, ఒకరు. సైనికులు, ముప్ఫై ఎనిమిది. వృద్ధులు, ఒకరు. ఇతరములు, ఒకటి."

"ఇతరములు ఎవరండీ?" అంది వకుళ.

"తమరే అమ్మగారూ. అపార్థం చేసుకోవద్దు. ఉద్యోగం, వయసు, ఆయుధం, ఈ మూడింట్లో ఏదీ లేనివారిని ఆ గడిలో చూపమన్నారు."

తర్వాత ఆహార నిల్వలు. మురహరి ఛాతీ విరుచుకుని నిలబడి, "మా సైన్యం దగ్గర పన్నెండు బిస్కెట్ ప్యాకెట్లు సార్," అన్నాడు. పరాంకుశం గారు లెక్క చూసుకుని, "బుధవారం మధ్యాహ్నానికి నిండుకోగలవు. పుస్తకానికి అనుకూలంగానే ఉంది," అని రాసుకున్నారు.

"వంటిల్లు చూడరా?" అంది వకుళ. ఆమెకి దాపరికం అలవాటు లేదు.

ఆయన నొచ్చుకున్నారు. "అది గృహ సంబంధం కదమ్మా. సైనిక వ్యవహారాల్లోకి గృహ విషయాలు తీసుకురాకూడదు. ఇంకొక మాట, మాస్టారూ. ఎవరూ నటించరాదు. ఇది నాటకం కాదు, అనుభవం. ఆకలి అంటే ఆకలి వేయవలెను. నీరసం అంటే నీరసించవలెను. సాయంత్రం తూకం వేయిస్తాను."

తొమ్మిదింటికి ముప్ఫై ఎనిమిది మంది టర్కీ పిల్లలు పెరట్లో బాసీపట్టు వేసుకుని కూర్చున్నారు. సగంమంది ఇంటి దగ్గర ఏమీ తినకుండా వచ్చిన మొహాలు. తాయారమ్మ కిటికీలోంచి చూసింది.

"వకుళా, ఆ పిల్లలు తిన్నారా?"

"ముట్టడిలో తినకూడదట అత్తయ్యా."

"ఎవరి ముట్టడిలో? మన ముట్టడిలోనా? మన గుమ్మంలో కూర్చున్న పిల్లల్ని పస్తు పెట్టి మనం కాఫీ తాగుతామా? పెసలు నానబోశావుగా నిన్న?"

పోసింది. ఆదివారం అలవాటుగా ఇంటికి సరిపడా పోయబోయి, ఎందుకైనా మంచిదని ఇంకొంచెం, ఇంకొంచెం అని పోసింది. గ్రైండరు తిరిగింది. పెనం వేడెక్కింది. అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ తరుగు వాసన ముగ్గు గీత దాటి రష్యా మీదికి పోయింది.

రష్యా ఎదురుగా ఖాళీ స్థలంలో టార్పాలిన్ కింద ఉంది. వాళ్లకి బడి నుంచి బకెట్లలో సాంబారన్నం వచ్చేది. అది డాన్యూబ్ దాటివచ్చేసరికి చల్లారి, అందులో ములక్కాడ ఎవరికి వస్తుందో అనేది అదృష్టం మీద ఉండేది.

మొదటి దాడి సోమవారం మధ్యాహ్నం జరిగింది. ఆయుధాలు పాత ప్రశ్నపత్రాల ఉండలు. రష్యా ఓడింది. రెండోది మంగళవారం. ఓడింది. మూడోది బుధవారం. ఎవరికీ మనసు లేకపోయినా ఓడింది. ఇంతవరకు పుస్తకం ప్రకారమే నడుస్తోందని పరాంకుశం గారు సంతోషించారు. మూడు ఓటములకూ ఫొటోలు తీసి పైకి పంపారు.

బుధవారం సాయంత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి తూకం మిషను మళ్లీ వచ్చింది. టర్కీ సైన్యం సోమవారం నుంచి తలకి సగటున ఆరువందల గ్రాములు పెరిగింది. రష్యా సైన్యం నాలుగువందలు తగ్గింది.

"మిషను తప్పయివుండాలి," అన్నారు పరాంకుశం గారు. తనే ఎక్కి చూసుకున్నారు. దిగి, ఆ అంకె రాసుకోకుండానే టాబ్ మూసేశారు.

గురువారం పొద్దున్న మొదటి ఫిరాయింపు జరిగింది. ఆ సైనికురాలు మాస్టారి కూతురు మేఖల. సొంత ఇల్లు శత్రు పట్టణం కావడంతో రాత్రిళ్లు స్నేహితురాలి ఇంట్లో పడుకుంటోంది. తొమ్మిది ఏ. స్టీలు పళ్లెం చంకలో పెట్టుకుని గీత దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నేను లొంగిపోతున్నాను."

"ముట్టడించేవాళ్లు లొంగిపోకూడదమ్మా! లోపలివాళ్లు లొంగిపోవాలి!"

"అయితే ఫిరాయిస్తున్నాను. ఇవాళ అమ్మ ఉప్మా పెసరట్టు వేస్తోందట. బాబాయ్ చెప్పాడు."

"బాబాయ్ శత్రువు!"

"శత్రువైనా అబద్ధం చెప్పడు నాన్నా," అని గీత దాటేసింది. ఆమె వెనకాల పద్నాలుగు మంది దాటారు. మధ్యాహ్నానికి ఇంకో ఏడుగురు దాటాక టర్కీలో అరవైమంది, రష్యాలో పదకొండు మంది మిగిలారు. ఆ పదకొండు మందిలో ముగ్గురికి జ్వరం. ఒకడికి ఆ రోజు ఏకాదశి ఉపవాసం.

వకుళ ఒక్కతీ అరవై మందికి అట్లు వేయలేకపోయింది. రెండో పొయ్యి మీద పెనం పెట్టి అత్తగారు కూర్చుంది. మురహరి డ్రిల్లు విజిలు ఊదుతూ వరసలు నిలబెట్టాడు. అట్టు తిరగేసే సందులో వకుళ పుస్తకం తిరగేసేది. గ్యాస్ బండ మీద ఆనించిన పుస్తకం. పేజీల మీద పిండి మరకలు.

"వదినా, నిజంగా ఆ ప్లెవ్నాలో ఎన్నాళ్లు ఆగారు?" అన్నాడు మురహరి పళ్లెం పట్టుకుని.

"అయిదు నెలలు. చివరికి తిండి లేక బయటికి దూసుకొచ్చారు, కుదరక లొంగిపోయారు."

"తిండి ఉంటే?"

ఆమె పేజీ వెనక్కి తిప్పి చూసింది. అట్టు అంచు మాడింది.

ఆ మధ్యాహ్నమే పరాంకుశం గారు విచారణకు వచ్చారు. టర్కీకి ఆహారం ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టాలి. గీత పొడుగునా నడిచారు. పిట్టగోడ ఎక్కి చూశారు. సెప్టిక్ ట్యాంకు మూత ఎత్తించి సొరంగం లేదని ధృవీకరించారు. ఎండలో బాగా అలిసి వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నారు.

"ఒక అట్టు తింటారా?" అంది తాయారమ్మ.

"డ్యూటీలో ఉన్నానమ్మా. అయినా పెద్దవారు అడిగారు కాబట్టి."

ఒకటి తిన్నారు. అల్లం పచ్చడి ఇంకొంచెం వేయించుకున్నారు. రెండోది తిన్నారు. మూడోది వద్దంటూనే పళ్లెం ముందుకు జరిపారు. పక్కన అరవైమంది నములుతున్నారు. ఆయన చెయ్యి తుడుచుకుని టాబ్ తీసి, పైకి చదువుతూ రాశారు: "సమగ్ర తనిఖీ నిర్వహించడమైనది. ఆహార మార్గము కనుగొనబడలేదు."

వకుళ పెనం మీద నీళ్లు చల్లింది. చుయ్యిమంది. "సార్, మీరు తిన్నది ఏమిటి?"

"ఇది టిఫినమ్మా," అన్నారాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు. "నేను వెతుకుతున్నది సరఫరా."

ఆమె పొయ్యి తగ్గించింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పోపుల డబ్బా వెనకనుంచి హాల్ టికెట్టు తీసి చూపించింది. "శనివారం నాకు పరీక్ష. ఒకవేళ రేపు సాయంత్రానికి ఇది తేలకపోతే, ఒక్క పూటకి బయటికి వెళ్లడానికి అనుమతి ఇప్పించండి."

ఆయన హాల్ టికెట్టు అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూశారు. "ప్లెవ్నా నుంచి ఎవరైనా బీఏ పరీక్షకు వెళ్లినట్టు పుస్తకంలో ఉందా అమ్మగారూ?"

"లేదు."

"ఆధారం లేనిదే చరిత్రను మార్చలేము. శరణార్థిగా వెళ్లే వీలుంది. పుస్తకంలో శరణార్థులు ఉన్నారు. కాకపోతే సంధి కుదిరేదాకా తిరిగి ఇంటికి రాకూడదు. సంధి వచ్చే మంగళవారం."

"నాలుగు రోజులు నేనెక్కడుండాలి?"

"ఆ విషయం పుస్తకంలో లేదు," అన్నారాయన, నిజాయితీగా.

శుక్రవారం. పుస్తకం ప్రకారం ప్లెవ్నా పడిపోవలసిన రోజు. అరవైమంది తిని, వరసగా చేతులు కడుక్కుని, వేపపుల్లలతో పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నారు. రష్యా తరఫున ఆ పదకొండు మంది నీరసంగా గీత దగ్గరికి వచ్చి, "లొంగిపోతారా?" అని అడిగారు.

"ఎందుకు?" అన్నాడు మురహరి.

అన్నగారు అవతలి నుంచి బతిమాలాడు. "మురహరీ, వదిన పరీక్షరా. రెండు చేతులూ ఎత్తు, చాలు."

"ఎత్తాలనే ఉంది అన్నయ్యా. ఆకలి వేయకుండా ఎత్తితే నటన అంటున్నారు. ఆయన మొన్నే నోటీసు ఇచ్చాడు, నటించిన సేనానికి ఇంక్రిమెంటు కట్ అని. కడుపు మీద చెయ్యి పెట్టుకుని అబద్ధం చెప్పనా?" నిజానికి అతని గొంతులో కొంచెం ఆనందం కూడా ఉంది. చిన్నప్పటి నుంచీ చరిత్ర మాస్టారి ముందు డ్రిల్లు మాస్టారు నెగ్గింది లేదు.

సాయంత్రం నాలుగున్నరకి మెమో వచ్చింది. పరాంకుశం గారు గీత మీద ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి నిలబడి చదివారు.

"ప్లెవ్నాలో ఫలితం పాఠ్యపుస్తకముతో విభేదించుచున్నందున, సదరు పట్టణము ఆహార కొరతచే యథార్థముగా లొంగిపోవునంతవరకు ముట్టడి కొనసాగించవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఈలోగా పౌరులెవ్వరూ గీత దాటరాదు. ఉల్లంఘన జరిగినచో రష్యా సేనాని పదోన్నతి పరిశీలన నిలిపివేయబడును."

"రేపు కూడానా?" అన్నాడు మాస్టారు.

"ఎల్లుండి కూడా. ఆకలి ఎప్పుడు వేస్తే అప్పుడు. మనకు తొందర లేదు."

ఆయన బుఖారెస్టు వైపు వెళ్లిపోయారు, ఆరింటి బస్సుకి. పిల్లలు పుస్తకాల సంచులు తీసుకుని ఇళ్లకు బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ ఒక టర్కీ సైనికురాలు, "ఆంటీ, రేపు ఏం టిఫిను?" అని అడిగింది.

పెరట్లో ఇంటివాళ్లే మిగిలారు. మురహరి గట్టు మీద, తాయారమ్మ చిక్కుడుకాయల చేటతో పీట మీద, మేఖల పక్కన. గీతకి అవతల, అయిదు రోజుల గడ్డంతో, మాసిన లుంగీతో సదానందం మాస్టారు. గీత ఇప్పటికి చాలాచోట్ల చెరిగిపోయింది. అయినా ఆయన దాన్ని తొక్కలేదు.

"వకుళా," అన్నాడు. "సప్లిమెంటరీ లాంటిది ఏమైనా..."

"లేదు."

"పోనీ నువ్వు దాటి వెళ్లిపో. మెమో వస్తే వచ్చింది." అంటూనే గుటక మింగాడు. ఆ గుటక గీతకి ఇవతల ఉన్నవాళ్లందరికీ వినిపించింది.

వకుళ ఆయన వంక చూసింది. పాపం, నిజంగానే అన్నాడు. కానీ రేపు ఆమె వెళ్తే, ఆ మెమో ఇంట్లో ఇరవై ఏళ్లు ఉంటుంది. నీ పరీక్ష కోసం అని ఎవరూ అనరు. ప్రతి ఒకటో తారీఖునా అనకుండా ఊరుకుంటారు. అదింకా కష్టం.

లోపలికి వెళ్లింది. పెసల డబ్బా దించింది, రేపటికి నానబొయ్యడానికి. కొలగిన్నె ముంచి పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. గ్యాస్ బండ మీద పుస్తకం తెరిచే ఉంది. ఆమె పెన్సిలుతో ఎప్పుడో గీత గీసుకున్న వాక్యం: ఆహార నిల్వలు పూర్తిగా నిండుకొనుటచే. ఆ వాక్యం కింద గట్టిపడిన పిండి చుక్క. గోటితో గీకింది. గిన్నెలోని పెసలు మళ్లీ డబ్బాలో పోసి మూత పెట్టింది. గ్రైండరు ప్లగ్గు తీసింది. సిలిండరు రెగ్యులేటరు ఆపేసింది.

బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, అందరికీ వినపడేటట్టు, కానీ గొంతు పెంచకుండా చెప్పింది.

"రేపు పొద్దున్న నేను పొయ్యి వెలిగించను."

టార్పాలిన్ గాలికి టపటపా కొట్టుకుంది.

"పిల్లలు ఎనిమిదింటికి వస్తారు," అంది వకుళ. "తొమ్మిదింటికి అలవాటుగా పళ్లేలు తీసుకుంటారు. తొమ్మిదిన్నరకి మురహరికి కూడా నిజంగానే ఆకలేస్తుంది, నటించకుండానే చేతులెత్తుతాడు. అందరూ ఇళ్లకి వెళ్లి అమ్మల దగ్గర తింటారు, ఎంత, ఫర్లాంగు దూరం. నా బస్సు పదిన్నరకి."

తాయారమ్మ కోడలి మొహంలోకి చూసింది. చిక్కుడు తొక్కలు చేటలోంచి దులిపేసింది. "గుమ్మంలోకి వచ్చిన పిల్లలకి పెట్టకపోవడం నా కాపరంలో ఎరగను," అంది. "అయినా గుమ్మంలోంచి పిల్లని పరీక్షకి పంపకపోవడం రెండుసార్లు ఎరుగుదును. నేను రేపు ఒక్కపొద్దు ఉంటాలే."

"అమ్మా, నేను కూడా," అంది మేఖల.

అవతల మాస్టారు సంచిలోంచి బండి తాళాలు తీసి, ఉన్నాయో లేవోనని చూసుకుని, మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

మురహరి గట్టు మీంచి దిగాడు. అయిదు రోజులుగా మూడు పూటలా తిన్న మనిషి. వంటింటి వైపు ఒకసారి, వదిన వైపు ఒకసారి చూశాడు.

"ఉప్మా కూడానా వదినా?"

"ఉప్మా కూడా."